పైడమ్మ వసారాలో చుక్కలు

హోమంలో నెయ్యి ఎంత పోస్తే వాన అంత కురుస్తుందని ఆస్థాన జ్యోతిష్కుడు రాజుగారిని నమ్మించాడు. దాంతో ఏటేటా ఇంటికింత నెయ్యి కోటకు తెచ్చివ్వాలని వసూలు మొదలైంది. ఊరి చివర ఒంటిగా ఉండే పైడమ్మ ఈసారి ఇవ్వలేకపోయింది. ఆమెకున్న తోడల్లా ఒక గేదె. దాన్ని తోలుకుపోదామని జ్యోతిష్కుణ్ణి వెంటబెట్టుకుని రాజుగారే వచ్చారు.

వసారా నిండా ముగ్గు చుక్కలు.

"గీతే లేదు, ఇదేం ముగ్గు?" అన్నారు రాజుగారు.

"ఏడాదికో చుక్క ప్రభూ. ఆ ఏడు హోమంలో ఎన్ని కాగుల నెయ్యి పోశారని దండోరా వేస్తే ఈ మూల నుంచి అన్ని బెత్తెలు కుడికి జరుగుతాను. నా గోలెంలో ఎన్ని బెత్తెల వాన నిలిస్తే అన్ని బెత్తెలు పైకి పోయి చుక్క పెడతాను. అయ్యగారి మాట నిజమైతే చుక్కలు కుడికి పోయేకొద్దీ చీమలబారులా పైకెక్కాలి."

అవి చూస్తే ఒలికిన ఆవాల్లా ఉన్నాయి.

"ఎవరో తొక్కి చెదరగొట్టారు," అన్నాడు జ్యోతిష్కుడు.

"తొక్కడానికి ఎవరొస్తారయ్యా? ఇరవై ఏళ్లలో ఈ గుమ్మానికి వచ్చింది మీరే."

రాజుగారు ఒక అడుగు ముందుకేసి, వంగి చుక్కలన్నీ ఈ చివర నుంచి ఆ చివరకు చూశారు. తర్వాత గేదెను వదిలేయమన్నారు, ఆ ఏటి నుంచి నెయ్యి వసూలు ఆపేయమన్నారు.

అందరూ వెళ్లిపోయాక చూస్తే చుక్కల మధ్య రాజుగారి అడుగు ముద్ర ఒకటి పడి ఉంది. పైడమ్మ దాన్ని తుడవలేదు.