మొండిబురుజు ఉంగాలమ్మ

“ఊసుల మండపం తల్లులది, బిడ్డలది. దానికి ఏనాడూ తాళం పడదు.”

నిరుటి జాతరలో ఆలయ కమిటీ అధ్యక్షులు మైకులో ఇచ్చిన మాట ఇది. నేడు మొండిబురుజు గుట్ట ఎక్కే భక్తులకు మొదట కనిపించేది ఆ మండపం తాళమే. పక్కన ప్రత్యేక దర్శనం టికెట్ల కిటికీ, దాని నెత్తిన రోజంతా మోగే లౌడ్‌స్పీకరు. కనుక ఈ క్షేత్రం ఎవరి గొంతుతో పుట్టిందో మళ్లీ చెప్పవలసి వస్తోంది.

పూర్వం ఇక్కడ ఒక పాలెగాడు కోట కట్టించాడు. బురుజు నడుమెత్తు లేచాక రోజూ మధ్యాహ్నం మూడో జాము బిడ్డలతో గడపవచ్చని రాళ్లు చెక్కే ఆడవాళ్లకు మాటిచ్చాడు. బురుజు లేచింది, మాట నిలవలేదు. పైగా పనిలో నోరు మెదపరాదని ఆజ్ఞ వేశాడు. జోలెల్లోని బిడ్డలు సుత్తి చప్పుడు తప్ప మరేమీ వినక పెరిగారు.

వారిలో తిప్పక్క అనే ఆమె కూతురు పది నెలలు నిండినా ఉంగా అనలేదు. ఒక మధ్యాహ్నం రాతికి ఆనుకుని కునుకు తీసిన తిప్పక్కకు కలలో అమ్మవారు కనిపించి, “నా గొంతు నీ బిడ్డలో దాచాను. పలకరించు. బదులు వచ్చేదాకా ఆగు. వచ్చినదాన్ని తిరిగి ఇవ్వు” అని ఆనతిచ్చింది.

తిప్పక్క లేచి, ఉలి పక్కన పెట్టి, బిడ్డను ఒడిలోకి తీసుకుంది. “ఇదిగో తల్లీ, ఇది ఉలి. అది దుమ్ము. అదిగో, ఆ మీసాలాయన మన మేస్త్రీ.”

మేస్త్రీ మండిపడ్డాడు. “ఏమే తిప్పీ, పాలు మరవని దానికి పురాణమా? దానికేం తెలుస్తుంది?”

“తెలిసినాక మాట్లాడేది కాదు మేస్త్రీ, మాట్లాడితేనే తెలిసేది. మీ అమ్మ నీతో మాట్లాడబట్టే కదా, ఈ పొద్దు నన్ను తిట్టడానికి నోరొచ్చింది!”

ఆడవాళ్లు నవ్వారు. నవ్వి, సుత్తులు దించారు. మేస్త్రీ ఎంత అరిచినా ఒక్కరూ ఎత్తలేదు. అతడు అలిసి ఊరుకున్నాక తిప్పక్క బిడ్డ ముఖంలోకి చూస్తూ ఆగింది. చాలాసేపు ఆగింది.

“ఉంగా” అంది బిడ్డ.

“ఉంగా” అని తల్లి బదులిచ్చింది.

పని మళ్లీ మొదలు కాలేదు. బురుజు నేటికీ మొండిదే. తిప్పక్క సగం చెక్కి వదిలిన రాయే ఉంగాలమ్మగా కొలువైంది. ఆ విగ్రహానికి కళ్లు చెక్కడం పూర్తికాలేదు, తెరిచిన నోరు మాత్రం ఉంది.

ఆనాటి ఆనవాయితీగా మూడో జామున ఊసుల మండపంలో కన్నవారు పసివాళ్లను ఒడిలో పెట్టుకుని కనిపించినదల్లా చెబుతారు, ఆగుతారు, బదులిస్తారు. ఒక్క బిడ్డైనా పలికేదాకా పూజారిణి గంట కొట్టదు. పిలుపుకు తల తిప్పని బిడ్డను చెవుల డాక్టరుకు చూపించమని చెప్పేదీ ఆమే. ఇంట్లోనూ ఇలా ఊసులాడేవారి బిడ్డలకు అమ్మ మాటల సిరి ఇస్తుందని నమ్మకం.

తాళం పడిన నలభై రోజులుగా తల్లులు ఎండలో, క్యూలో కూర్చుని ఊసులాడుతున్నారు. ఆ లౌడ్‌స్పీకరు హోరులో ఏ బిడ్డ పలికిందో వినబడక, గంట ఒక్కసారీ మోగలేదు.

మాట బిడ్డ జన్మహక్కు, కమిటీ దయాభిక్ష కాదు. మండపం తెరుస్తారా? లౌడ్‌స్పీకరు ఆపుతారా? బదులు కోసం ఆగడం ఈ గుట్టే మాకు నేర్పింది. నవంబరు పదిహేను, మూడో జాము దాకా ఆగుతాం.