కాళ్లు కడిగిన నీళ్లు

అనగనగా, వానమబ్బులు పక్కదారి పట్టి పోయే ఒక దేశం. ఆ దేశంలో ఎర్రనేలల నడుమ నల్లరాళ్లపాడు అనే ఊరు. ఆ ఊళ్లో బాట పక్కనే ఓబుళమ్మ పూటకూళ్ల ఇల్లు నడిపేది.

ఓబుళమ్మ చెయ్యి ఎంత పెద్దదో నోరూ అంత పెద్దదే. వచ్చిన బాటసారి ఎవరైనా సరే, ముందు వాకిట్లో బండ మీద నిలబెట్టి కాళ్లకు చెంబెడు నీళ్లిచ్చేది. ఆ తర్వాతే విస్తరి వేసేది. అన్నం, పప్పు, ఒక కూర. కూర లేకుండా విస్తరి వేస్తే ఆ పూట ఆమెకు ముద్ద దిగేది కాదు. పొగరు అనుకుంటే అనుకోండి, ఆమె పరువంతా అందులోనే ఉంది. సంతనాడు ఊరిపెద్ద చెంగల్రాయుడు కూడా అక్కడే భోంచేసి, కూర రెండోసారి వడ్డించుకుని మరీ పోయేవాడు.

అలాంటి ఊరికి వరుసగా మూడేళ్లు వానలు ముఖం చాటేశాయి. మొదటి ఏడు చెరువు ఎండింది. రెండో ఏడు పెరటి బావులు ఎండాయి. మూడో ఏటికి ఊరంతటికీ ఒక్క బావి మిగిలింది.

చెంగల్రాయుడు అందరినీ కూర్చోబెట్టి ఒక కట్టుబాటు చేశాడు. ఆ బావి నీళ్లు తలకింత అని పంచుకోవాలి. గడప తొక్కిన మనిషికి కాళ్లకు నీళ్లివ్వకపోతే ఊరి పరువు పోతుంది కాబట్టి, బాటసారుల వాటా పూటకూళ్ల ఇంటికి చేరాలి. తోటలకు మాత్రం ఎవరూ బావి నీళ్లు పొయ్యకూడదు. పోసినవాళ్లు ఇల్లూ వాకిలీ వదిలి ఊరు దాటిపోవాలి.

కట్టుబాటు మంచిదే. కానీ తోటలన్నీ మాడిపోయాయి. చెంగల్రాయుడి వంగతోటా మాడింది. మంచి రోజుల్లో ఆయన నడినెత్తిన ఎండ ఉండగా మడుల నిండా నీళ్లు పారించేవాడు. మొక్క తాగినదానికన్నా ఎండ తాగిందే ఎక్కువ. ఇప్పుడు అక్కడ ఎండుపుల్లలు తప్ప ఏమీ లేవు.

ఓబుళమ్మ పెరడు మాత్రం పచ్చగా ఉంది. అవిశె చెట్ల పలచని నీడలో గోరుచిక్కుడు కాస్తోంది. పందిరి నిండా పొట్లకాయలు వేలాడుతున్నాయి. బచ్చలి తీగ దడి ఎక్కి వీధిలోకి తొంగి చూస్తోంది. ఆ తొంగిచూపే ఓబుళమ్మ కొంప మీదికి తెచ్చింది.

చెంగల్రాయుడు దడి అవతల నిలబడి, ఈ తోటకు నీళ్లెక్కడివని నిలదీశాడు. ఓబుళమ్మ ఏదీ దాచలేదు. బాటసారులు కాళ్లూ చేతులూ కడుక్కున్న నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, అంతేనని ఉన్నదున్నట్టు చెప్పింది. కావాలంటే లోపలికొచ్చి చూసుకోమంది. ఆయన పగలబడి నవ్వాడు. కాళ్లు కడిగిన నీళ్లకే తోట పండితే, తన తలపాగా పిండిన చెమటకు వరి పండుతుందన్నాడు.

మొదట ఆయన బావి గిలకకు తాళం వేయించాడు. తన కళ్లెదుటే నీళ్లు తోడాలన్నాడు. పొట్లపాదు ఇంకో మూర సాగింది.

తర్వాత మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి ఇల్లు గాలించాడు. అటకెక్కి చూశారు, కుండలు బోర్లించారు, గాదెలో చేతులు పెట్టి కెలికారు. పెరట్లోనూ చూశారు కానీ, ఎండుటాకుల కింద తేళ్లుంటాయని ఎవరూ కాలు పెట్టలేదు. దాచిన నీళ్లు చుక్క కూడా దొరకలేదు. బచ్చలి కొత్త చిగురేసింది.

దాంతో ఆయనకు ఒళ్లు మండి, మూడోసారి ఏకంగా రాజుగారికే ఫిర్యాదు చేశాడు. గండదేవ మహారాజు తానే వచ్చి తీర్పు చెబుతానని కబురంపాడు.

ఆ కబురు ఓబుళమ్మ చెవినా పడింది. నిజం చెబితే ఊరే నమ్మలేదు, రాజు నమ్ముతాడా? ఈ ఇల్లు పోతే ఈ వయసులో ఎక్కడికని పోవాలి, ఎవరి గుమ్మంలో చెయ్యి చాపాలి? ఆమె పాదుల మధ్య కూలబడి కాసేపు ఏడ్చింది. ఆ తర్వాత ముక్కు చీదుకుని లేచి, గోరుచిక్కుళ్లు కోయడం మొదలుపెట్టింది. శిక్ష వేయడానికి వస్తే మాత్రం, రాజుకు కూర లేని విస్తరి వేస్తుందా?

మిట్టమధ్యాహ్నం వేళ రాజూ పరివారమూ వచ్చారు. బాటంతా కాలే ఇసుక. అందరి కాళ్లూ మోకాళ్ల దాకా ఎర్రదుమ్ము. ఊరంతా అక్కడే పోగైంది. చెంగల్రాయుడు ముందుకొచ్చి, దొంగ ఎదురుగానే ఉంది, తీర్పు చెప్పమని వేడుకున్నాడు. ఓబుళమ్మ చెంబు పట్టుకుని ఎదురొచ్చింది.

"నేరం సంగతి తర్వాత, సామీ. ముందు కాళ్లు కడుక్కోండి."

రాజుకు ప్రాణం లేచొచ్చింది. బండ ఎక్కి కాళ్లు కడుక్కున్నాడు. ఆయన వెనక మంత్రి, మంత్రి వెనక భటులు. ఎర్రటి నీళ్లు బండ మీంచి జారి పోసాగాయి.

"నా మాట నమ్మొద్దు సామీ," అంది ఓబుళమ్మ. "ఆ నీళ్ల వెంట నడిచి చూడండి. అవి ఏడికి పోతాయో అవే చెబుతాయి."

రాజు నీళ్ల వెంట నడిచాడు. అవి వెల్లకిలా తిప్పి పరిచిన పాత పెంకుల్లోంచి పారాయి. ఇసుక నింపిన గుంటలో దిగి, మురికంతా అక్కడ వదిలి, తేటగా పెరట్లోకి వచ్చాయి. వచ్చి ఎండుటాకుల కింద మాయమయ్యాయి.

ఇంతవరకూ ఆ పెరట్లో ఎవరూ వంగి చూడలేదు. రాజు వంగాడు. తన చేత్తోనే ఆకులు తొలగించాడు. కింద మెడ దాకా పూడ్చిన మట్టికుండ ఉంది. నీళ్లు చప్పుడు లేకుండా అందులోకి దిగుతున్నాయి. చుట్టూ మట్టి చల్లగా, తడిగా వేళ్లకు తగిలింది. వీధిలో నేల నెర్రెలిచ్చి ఉంటే ఇక్కడ నేల వాన వాసన వేస్తోంది.

"కుండకు చిల్లు ఉందా అమ్మా?" అని అడిగాడు రాజు.

"లేదు సామీ. తాగే నీళ్ల కుండకు బయట చెమ్మ పడుతుంది కదా, దీనికి మట్టిలోపల పడుతుంది. వేరుకు ఎంత దప్పికో అంతే ఇస్తుంది. పైన ఆకులు కప్పినాను కాబట్టి ఎండకు వాటా లేదు."

అలా చెప్పి ఆమె ఊరిపెద్ద వైపు తిరిగింది. "రాయుడన్నా, సంతనాడు నువ్వు కాళ్లు కడుక్కునే నీళ్లు ఆ పొట్లపాదుకే పోతాయి. నువ్వు పోసిన నీళ్లకే కాసినాయి ఆ కాయలు. నువ్వు తిన్న కూర కూడా వాటిదే."

ఊరంతా గొల్లున నవ్వింది. రాజు కూడా నవ్వు ఆపుకోలేక ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత అందరూ వినేలా తీర్పు చెప్పాడు. ఓబుళమ్మ దొంగ కాదు, బావి నుంచి చుక్క అదనంగా తీయకుండా ఊరికి దారి చూపిన మనిషి. ఇక చెంగల్రాయుడు వానలు పడేదాకా ఆ బండ దగ్గరే నిలబడి, వచ్చిన ప్రతి బాటసారికీ తన చేత్తో కాళ్లకు నీళ్లివ్వాలి. ఇచ్చిన నీళ్ల వెంట పెరటిదాకా నడవాలి.

ఓబుళమ్మ ఆరోజు రాజుకు గోరుచిక్కుడు కూర వడ్డించింది. ఆయన రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

చెంగల్రాయుడు మొదట్లో ముఖం తిప్పుకుని నీళ్లిచ్చేవాడు. నడవగా నడవగా, ఏ కుండ నిండిందో ఏది అడుగంటిందో తనే చూడటం మొదలుపెట్టాడు. ఒకరోజు సిగ్గు విడిచి, కాసిని వంగ విత్తనాలు ఇమ్మని అడిగాడు. ఆమె దాచి ఉంచినవి దోసిటి నిండా తీసిచ్చింది.

మరుసటి ఎండాకాలానికి నల్లరాళ్లపాడులో ప్రతి స్నానాల బండ పక్కనా ఒక పాదు, ప్రతి పాదులో ఒక కుండ. పచ్చదనం చూసి వర్తకుల బిడారులు తమ బాట మార్చుకుని మరీ ఆ ఊరి మీదుగా పోసాగాయి. బావిలో నీళ్లు మాత్రం తగ్గలేదు.

ఒకనాడు చెంగల్రాయుడు గంపెడు లేత వంకాయలు నెత్తిన పెట్టుకుని ఓబుళమ్మ వాకిట్లోకి వచ్చాడు. తొలికాపు, కూర చేసిపెట్టమన్నాడు. ఆమె గంప దించుకుని, చెంబు చేతికిచ్చింది.

"ముందు కాళ్లు కడుక్కో అన్నా. ఆ మూల కుండ వెలితిగా ఉంది."

పిల్లలూ, పారబోసే చెంబెడు నీళ్ల విలువ తెలిసినవారి పెరడు ఎంత కరువులోనైనా పచ్చగానే ఉంటుంది.