ఒంటికంటి రాక్షసుడి పుర్రె

అనగనగా, మన తాతలకు తాతలు కూడా పుట్టని రోజుల్లో, కోమలగిరి అనే రాజ్యం ఉండేది. దాన్ని సోమకేతుడనే రాజు ఏలేవాడు. ఆయనకు నగల మీద మోజు లేదు, వేట మీద సరదా లేదు. కొండల్లోనూ అడవుల్లోనూ ఏటి ఒడ్డునా దొరికే వింతలంటే మాత్రం ప్రాణం. వాటన్నిటినీ చేర్చి కోట పక్కనే ఒక శాల కట్టించాడు. ఏడాదికి ఒక్కరోజు ఆ శాల తలుపులు ప్రజలందరికీ తెరిచేవారు.

ఆ రోజు ముగ్గురు స్నేహితులు పొద్దున్నే బయలుదేరారు. చెంగల్వ మావటి కూతురు. ముత్యాలు ఏటి గట్టున ఇటుకలు కోసేవాళ్ళ పిల్ల. సర్వేశం ఆస్థాన పండితుడి కొడుకు. అటుకులూ బెల్లమూ నములుతూ, ఒకరినొకరు తోసుకుంటూ, నవ్వుకుంటూ శాలలో అడుగుపెట్టారు.

మొదటి గదినిండా పక్షుల గూళ్ళు, గుడ్లు. జనం మధ్య రాజుగారే స్వయంగా తిరుగుతున్నారు. పిల్లలను చూసి ఆగి, బొటనవేలంత నీలం గుడ్డు ఒకటి చూపించారు.

"ఇది ఏ పక్షి గుడ్డో చెప్పండి."

"నెమలి గుడ్డు ప్రభూ. మెడ నీలం కదా, గుడ్డూ నీలమే" అన్నాడు సర్వేశం తడుముకోకుండా.

"నాకు తెలియదు ప్రభూ" అంది చెంగల్వ.

రెండో గదిలో శంఖాలు, గవ్వలు, రంగురంగుల రాళ్ళు. ఒక నల్లరాతిలో ఆకు అచ్చు ఉంది, ఈనెలతో సహా. "రాతిలోకి ఆకు ఎలా వచ్చింది?" అని అడిగారు రాజుగారు.

"ఎవరో శిల్పి చెక్కాడు ప్రభూ" అన్నాడు సర్వేశం.

చెంగల్వ ఆ రాయిని చాలాసేపు చూసింది. "తెలియదు ప్రభూ. తెలుసుకోవాలని మాత్రం ఉంది."

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. సర్వేశం ఆమె చెవిలో, "మా పరువు కూడా తీస్తున్నావు. ఏదో ఒకటి చెప్పకూడదూ?" అన్నాడు.

"ఏదో ఒకటి చెబితే అది తెలిసినట్టా?" అంది చెంగల్వ. ఆమెకు సిగ్గేమీ వేయలేదు.

మూడో గదిలో జనం కిక్కిరిసి ఉన్నారు. నడుమ రెండు కాళ్ళ మీద నిలబెట్టిన ఎముకల గూడు ఉంది. మనిషికి మూడింతల ఎత్తు. పైన బండంత పుర్రె. దాని నుదుటి నడుమ ఒకే ఒక్క పెద్ద బొక్క. శాలాధికారి గొంతు సవరించుకున్నాడు.

"ఇది ఒంటికంటి రాక్షసుడి అస్థిపంజరం. ఇటుకల పేటలో మట్టి తవ్వుతుంటే బయటపడింది. ఇలాంటిది పడుకున్న నేల మీద మనుషులు ఉండకూడదు ప్రభూ. రేపే ఆ పేటను ఖాళీ చేయించడం మంచిది."

ముత్యాలు ముఖం పాలిపోయింది. "మేమెక్కడికి పోతామే?" అంది చెంగల్వ చెయ్యి పట్టుకుని.

రాజుగారు పిల్లలవైపు తిరిగారు. "మీరేమంటారు?"

"రాక్షసుడే ప్రభూ" అన్నాడు సర్వేశం, ముత్యాలు వైపు చూడకుండా.

చెంగల్వ పుర్రె చుట్టూ తిరిగింది. వంగి దవడలోకి చూసింది. తరువాత నిటారుగా నిలబడింది.

"ఇది నాకు తెలుసు ప్రభూ. రాక్షసుడు కాదు, ఏనుగు."

శాలాధికారి మండిపడ్డాడు. "ఇందాకటి నుంచి తెలియదు తెలియదు అంటున్న పిల్ల నాకు చెప్పొచ్చిందా? ఏనుగుకు నుదుటి మీద కన్ను ఉంటుందా?"

రాజుగారు చెయ్యెత్తి ఆపారు. "రెండుసార్లు తెలియదన్న పిల్ల ఇప్పుడు తెలుసంటోంది. వినవలసిందే. చెప్పమ్మా."

"అది కన్ను కాదు ప్రభూ, తొండం మొదలు. తొండంలో ఎముక ఉండదు. కండతోపాటు అదీ మట్టిలో కలిసిపోతే బొక్క మిగులుతుంది. కళ్ళ గుంటలు ఇవిగో, పక్కల ఉన్నాయి. ఈ పళ్ళు చూడండి. మాంసం తినేవాటికి కోరలుంటాయి. ఇవి తిరగలి రాయిలా గాట్లు పడ్డాయి, గడ్డి నూరే పళ్ళు."

"మరి దంతాలేవి?" అని అడిగారు రాజుగారు.

"ఆడ ఏనుగు ప్రభూ. దానికి పెద్ద దంతాలు ఉండవు. నా మాట నమ్మి ఊరుకోకండి. మా నాన్న సాకే ఏనుగు నోరు తెరిపిస్తాను, మీరే పోల్చి చూడండి."

దవడలో వదులుగా ఉన్న ఒక పన్ను తీయించి, అందరూ గజశాలకు నడిచారు. చెంగల్వ చెరకు ముక్క చూపించి పిలవగానే ఏనుగు నోరు తెరిచింది. రాజుగారు చేతిలోని పన్నును దాని పళ్ళ పక్కన పెట్టి చూశారు. అవే గాట్లు, అదే వంపు.

శాలాధికారి తల వంచాడు. "తప్పు నాదే ప్రభూ. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఏనుగు నోట్లోకి చూడలేదు."

ఎముకలను నాలుగు కాళ్ళ మీద మళ్ళీ నిలబెట్టించారు. ఇటుకల పేట జోలికి ఎవరూ పోలేదు. ఏం కావాలో కోరుకోమని రాజుగారు అడిగితే, శాలను వారానికొకరోజు తెరవమంది చెంగల్వ. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు.

తిరుగుదారిలో సర్వేశం ముత్యాలు పక్కకు వచ్చాడు. "తెలియకుండానే తెలుసన్నాను. మీ ఇల్లు పోయేదే" అన్నాడు మెల్లగా.

ముత్యాలు అతని వైపు తిరిగింది. "రేపు మా పేటకు రా. మట్టిలో ఇంకా ఏముందో ముగ్గురమూ వెతుకుదాం. ఏం దొరికినా పేరు మాత్రం నువ్వు పెట్టకు" అంది. ముగ్గురూ ఊరు చేరేదాకా నవ్వుతూనే ఉన్నారు.

తెలియనిది తెలియదని ఒప్పుకున్నవారు తెలిసినది చెప్పినప్పుడే, ఆ మాటకు విలువ.