పౌర్ణమి నాడు రాని స్థితి

మా స్వామి మాత్రలు వేసుకుంటున్నాడు! అదీ వేళ తప్పకుండా, బుద్ధిమంతుడిలాగా. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇరవై రెండేళ్లుగా మద్దిలేటి స్వామి మఠంలో పెత్తనమంతా నాదే. స్వామి నోరు తెరిచి బోధించేది తక్కువ. జనం వచ్చేది బోధ కోసం కాదు. పౌర్ణమి నాడు వంగి వంగి పూజ చేశాక ఆయనకు "స్థితి" వచ్చేది. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడేది. ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు. పావుగంట అలాగే ఉండేవాడు. జనం పొర్లుదండాలు పెట్టేవాళ్లు. ఆయన నాయనకూ ఇట్లాగే వచ్చేదట. యాభై ఎనిమిదో ఏట ఆ స్థితిలోనే గద్దె మీద ఒరిగిపోయాడు. సిద్ధి పొందాడని సమాధి కట్టారు.

డెబ్బై ఒకటో ఏట స్వామి కళ్లు తిరిగి పడ్డాడు. కర్నూలు తీసుకుపోతే, డాక్టరమ్మ స్కానింగులూ మూత్ర పరీక్షలూ చేయించి ఉన్నదున్నట్టు చెప్పేసింది. మూత్రపిండం పైనుండే చిన్న గ్రంథిలో కణితి ఉందట. అది రసం వదిలినప్పుడల్లా బీపీ ఆకాశానికి పోతుందట. స్థితీ లేదు, గితీ లేదు.

"ఇది వంశంలో వచ్చే జబ్బు. మూడు వారాలు మాత్రలతో బీపీని దారికి తెచ్చి, అప్పుడు ఆపరేషన్ చేస్తాం. ఒక్క పూట కూడా మాత్ర మానకూడదు. ఈయన తోడబుట్టినవాళ్లనూ పరీక్షకు తీసుకురండి" అంది.

వంశ మహిమకు మందుల చీటీ రాస్తుందా ఈమె! నేను గొణుక్కుంటూ బయటికొచ్చాను. స్వామి మాత్రం చీటీ మడిచి భద్రంగా సంచిలో పెట్టుకున్నాడు.

పన్నెండు రోజులకు పౌర్ణమి వచ్చింది. పూజ అయింది. స్వామి హాయిగా కూర్చుని అందరినీ పిల్లాజెల్లా బాగున్నారా అని అడిగి లోపలికి పోయాడు. అంతే!

"ఏమప్పా గిడ్డయ్యా, స్వామికి ఇంకా రాలేదే? రెండు బస్సులు మారి వచ్చినాం" అని ఒకాయన నిలదీశాడు. ఇంకొకడు నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. లోపలికి పోయేసరికి స్వామి గద్దె మీద కూర్చుని, మధ్యాహ్నం మాత్ర చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"అయ్యా, ఈ ఒక్క పూట మానెయ్యండి. జనానికి ముఖం చూపించలేకపోతున్నా."

"మానేస్తే?"

"స్థితి వస్తుంది."

"దాంట్లోనే పోతే?"

"మీ నాయన మాదిరి సిద్ధి పొందుతారు" అన్నాను. ఆ మాట నా నోట ఎట్లా వచ్చిందో!

స్వామి కోప్పడలేదు. మాత్ర వేసుకుని నీళ్లు తాగాడు. "సుంకులమ్మను పిలువు" అన్నాడు.

సుంకులమ్మ స్వామి చెల్లెలు. అరవై ఆరేళ్లు. మఠంలో వంట ఆమెదే. డాక్టరమ్మ చెప్పిన పరీక్షకు ఆమెను ఇంకా తీసుకుపోలేదు. పౌర్ణమి దాటాక చూద్దామని నేనే ఆపాను. ఆమె పోతే రెండొందల మందికి వండేదెవరు?

వంటింట్లో ఆమె అన్నం గుండిగ దించి, గోడకు ఆనుకుని కూలబడి ఉంది.

"వస్తా నాయనా, ఒక్క నిమిషం. మళ్లీ ఆ పాడు దడ."

"సరిగ్గా జనం వచ్చినప్పుడే నీకు పైత్యం చేస్తుందేమత్తా! సోడా తెప్పిస్తాలే, లెయ్" అని విసుక్కుని, రెక్క పట్టుకుని తీసుకొచ్చాను.

స్వామి గద్దె దిగాడు. చెల్లెల్ని చేయి పట్టుకుని తీసుకుపోయి తన చోట కూర్చోబెట్టాడు. తన భుజం మీది శాలువా తీసి ఆమెకు కప్పాడు.

"ఏందన్నా ఇది, చేతులకంతా మసి" అంటూ ఆమె లేవబోయింది. లేవలేకపోయింది.

"ఇది ఎన్నేండ్ల నుంచి వస్తా ఉండాది సుంకులూ?" అని అడిగాడు.

"పదేండ్లయింటాది. గిడ్డయ్య సోడా ఇప్పిస్తాడు. తగ్గిపోతాది."

అప్పుడు చూశాను ఆమె ముఖం వైపు. ఇన్నేళ్లలో మొదటిసారి సరిగ్గా చూశాను. పాలిపోయి తెల్లగా ఉంది. నుదుటి నుంచి చెమట కారుతోంది. చేతులు గడగడా వణుకుతున్నాయి. ఒక్క పిసరు కూడా తేడా లేదు, అచ్చం స్వామికి వచ్చినట్టే.

స్వామి నా వైపు తిరిగాడు.

"సాష్టాంగపడరా గిడ్డయ్యా. బయట జనాన్ని కూడా పిలువు. స్థితి చూడాలని వచ్చినారు గదా."

గబగబా బయటికొచ్చాను. వాకిట్లో నాలుగైదు కార్లున్నాయి.

"కర్నూలుకు పోవాల! కారెవరిది?" అని అరిచాను.

"మరి అన్నం ఎవరు పెడతారప్పా?" అన్నాడు ఒకడు.

"మీరే పెట్టుకోండి" అన్నాను.