మతిలేని మాఘమాసం

చిన్న కథే, చిటికెలో చెప్పేస్తాను. ఆ ఊరి వైద్యుడు నరహరి ఉన్నాడే, రోగి దగ్గరికి ఆఖర్న వస్తాడు, పెళ్లిభోజనానికి అందరికన్నా ముందొస్తాడు. సరే, అది వేరే గొడవ.

జమీందారు పోతూ పోతూ ఓ ఇల్లు వంటమనిషి గంగమ్మకు రాశాడు. మేనల్లుడు వ్యాజ్యం వేశాడు. ధర్మాధికారి తీర్పు చెప్పబోతుండగా నరహరి ఊడిపడ్డాడు.

"వీలునామా రాసిన మాఘమాసమంతా ఆయనకు మతి లేదు!"

గంగమ్మ ముందుకొచ్చింది. ఇల్లు పోతే చెట్టునీడే గతి.

"ఇన్నాళ్లూ ఏమయ్యావయ్యా?" అని నరహరిని నిలదీసింది.

"ఆలస్యమైతేనేం? పండితుడి మాట!" అన్నాడు ధర్మాధికారి.

"చిత్తం దొరా. తమకీ పదవి ఇచ్చిందీ ఆ జమీందారుగారే, ఆ మాఘంలోనే కదా?" అంది గంగమ్మ.

సభంతా నోరు తెరిచింది. ధర్మాధికారి ముఖం పాలిపోయింది.

ఆలస్యంగా వచ్చిన సాక్ష్యం చెల్లదని తీర్పొచ్చింది.

గంగమ్మ గృహప్రవేశం భోజనాలకు నరహరి అందరికన్నా ముందొచ్చి కూర్చున్నాడు.