ఊరికే వచ్చిన లేహ్యం

అనగనగా, మరీ అంత దూరమేం కాదు, ఏటికి అవతలొడ్డున ఒక ఊళ్ళో గవరయ్య అని ఒక ముసలాయన. ఆయనకి ఒక కోడలు నూకాలు, ఒక దొడ్డి, ఆ దొడ్లో మూడు మేకలు. ఒకటి నల్లది, ఒకటి ఎర్రది, ఒకటి బొల్లిది. ఇంట్లో పసివాడికి పాలిచ్చేది ఆ బొల్లిదే. ఊ కొడుతున్నారా? లాస్యా, బొటనవేలు నోట్లో పెట్టుకుని ఊ కొడితే నాకెలా వినపడుతుందే?

గవరయ్యకి మోకాళ్ళ నెప్పులు. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. కోడలితో చెబుదామంటే ముసలాడైపోయాడనుకుంటుందని నామోషీ. ముసలాడే, అది వేరే సంగతి.

ఒకనాడు కోడలు పొలానికెళ్ళినప్పుడు, ఊరి చివర ఇంట్లో కొత్తగా దిగిన లేహ్యం స్వామి అని ఒకాయన వీధిలోకొచ్చాడు. ఏడు రోజులు తింటే మోకాళ్ళు ఇనుమైపోతాయిట. ఈ ఏడు రోజులూ దమ్మిడీ ఇవ్వక్కర్లేదట, ఊరికేనట. ఊరికే అనేసరికి మనవాడు అరుగు దిగిపోయాడు. స్వామి చీమ తలకాయంత అక్షరాల తాటాకులు రెండు తీసి రెంటిమీదా వేలిముద్ర వేయించుకుని, ఒకటి ఆయన చేతిలో పెట్టాడు. పెద్దమనిషని నమ్మకం కుదరడానికి దొడ్డి తాళంచెవి ఒకటి తన దగ్గర ఉంచమన్నాడు. ఊరికే ఇచ్చేవాడికి తాళంచెవెందుకయ్యా అని అడగొద్దూ? అడగలా. ఇచ్చేశాడు.

ఏడు రోజులూ తిన్నాడు. తియ్యగా ఉంది, పుల్లగా ఉంది, మోకాలు మాత్రం ఎప్పటిలాగే ఉంది. జాడీ ఖాళీ అయింది కదా, ఇంక గొడవ లేదనుకున్నాడు.

పున్నమి వెళ్ళిన మర్నాడు చూస్తే నల్లమేక లేదు. దాని చోట ఇంకో లేహ్యం జాడీ ఉంది. గవరయ్య జాడీని గడ్డివాములో దాచేసి, నక్క పట్టుకుపోయిందమ్మా అని కోడలికి చెప్పాడు. మళ్ళీ పున్నమికి ఎర్రమేక పోయింది, జాడీ వచ్చింది. మళ్ళీ నక్కే అన్నాడు.

నూకాలు దొడ్డి తలుపు వంక చూసింది, మామగారి వంక చూసింది.

"నక్క తాళం తీసి, మేకని తోలుకుని, మళ్ళీ తాళం వేసి మరీ వెళ్ళిందా మావయ్యా?" అంది.

పాపం, గవరయ్య ఏడ్చేశాడు. ఉన్నదంతా చెప్పేశాడు. నూకాలు తాటాకుని ఎండకి పట్టుకుని కళ్ళు చికిలించి చదివింది. ఎనిమిదో రోజు పొద్దెక్కేలోగా వచ్చి వద్దని చెప్పకపోతే, పున్నమి పున్నమికీ ఒక జాడీ వస్తుందిట, ఒక మేక పోతుందిట. ఇంక మిగిలింది బొల్లిమేకే. అదీ పోతే పసివాడికి పాలేవి?

నూకాలు ముందు దొడ్డికి కొత్త తాళం వేసింది. తర్వాత, వద్దని చెప్పి రావాలి పదండి అని మామగారిని తీసుకుని స్వామి ఇంటికెళ్ళింది. స్వామి ఏడని కావలివాణ్ణి అడిగితే దంచేదాన్ని అడగమన్నాడు. దంచేదాన్ని అడిగితే కలిపేవాణ్ణి అడగమంది. కలిపేవాణ్ణి అడిగితే మూతులు కట్టేదాన్ని అడగమన్నాడు. మూతులు కట్టేదాన్ని అడిగితే బండివాణ్ణి అడగమంది. బండివాణ్ణి అడిగితే, కావలివాణ్ణి అడగమన్నాడర్రా! అలా రెండు చుట్లు తిరిగారు. ఇచ్చేటప్పుడు గుమ్మంలోకొచ్చి ఇచ్చినవాడు, వద్దనేసరికి ఇంట్లోనే లేడు.

నూకాలుకి ఒళ్ళు మండింది. డప్పు కొట్టే ఆయన్ని పిలిచి, స్వామి వాకిట్లోనే వాయించమంది. ఊరంతా పోగైంది. మీ నోటితో మీరే చెప్పాలి, నలుగురూ వినాలి అని మామగారిని ముందుకి నిలబెట్టింది. గవరయ్య వెనక్కి తగ్గబోయాడు. నలుగురిలో పరువు పోతుందే! కానీ పసివాడు గుర్తొచ్చాడు. గొంతు సవరించుకున్నాడు.

"నా మేకల్ని ఏ నక్కా పట్టుకుపోలేదు. మోకాళ్ళకని ఈయన లేహ్యం తిన్నాను. తాళంచెవి నేనే ఇచ్చాను. నాకింక వద్దు, నా దొడ్లోకి రావద్దు."

ఎవరూ నవ్వలేదు. వెనకనుంచి అప్పలనాయుడు, నా పుంజుల్ని కూడా నక్క పట్టుకుపోలేదు అన్నాడు. అచ్చియ్యమ్మ, నా బాతుల్ని కూడా కాదంది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు, ఊళ్ళో సగం మంది ముసలాళ్ళు బయటపడ్డారు. అసలా చుట్టుపక్కల నక్కనేదే లేదర్రా! అందరూ సిగ్గుపడి దాచుకున్నారు కాబట్టే స్వామి దొడ్డి నిండింది.

ఇంక ఆగుతారా? లోపలికెళ్తే స్వామి జాడీల వెనక నక్కి ఉన్నాడు. వేలిముద్ర ఉందని తాటాకు చూపించాడు. మేక కావలసినవాడు పగలొచ్చి అడిగి తోలుకెళ్తాడు గానీ చాటుగా తాళం తీస్తాడా అని ఊరిపెద్ద ఆ తాటాకుల్ని పొయ్యిలో పెట్టించాడు. ఎవరి మేకలు వాళ్ళకి, ఎవరి కోళ్ళు వాళ్ళకి, ఎవరి తాళంచెవులు వాళ్ళకి వచ్చేశాయి. స్వామి ఊరు దాటేదాకా డప్పు మోగుతూనే ఉంది.

ఆ సాయంత్రం నూకాలు ఆముదం వెచ్చచేసి మామగారి మోకాళ్ళకి రాస్తూ, "నెప్పుంటే నాతో చెప్పండి మావయ్యా. నేనేమైనా పరాయిదాన్నా?" అంది. నెప్పి పూర్తిగా పోయిందా అంటే పోలేదు. ఆయన మాత్రం ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

మొన్న నా ఫోన్లోనూ ఎవడో కీళ్ళ బిళ్ళలు ఊరికే పంపుతానన్నాడు. బ్యాంకు కార్డు మీదున్న అంకెలు కొట్టమన్నాడు. అవీ తాళంచెవులేరా! నేను ఫోను తీసుకెళ్ళి మీ అమ్మ చేతిలో పెట్టేశాను. మోసపోవడం ఎవరికైనా ఉన్నదే, దాచుకుంటేనే రెండో మేక పోతుంది. సరే, కథ కంచికి బయల్దేరింది, మీరిద్దరూ దుప్పట్లోకి బయల్దేరండి.