నాంచారి గుడ్డు

అనగనగా ఒక వాగు. ఆ వాగుకొక కట్ట. ఆ కట్టకు మట్టి మోసి బతికే మనుషులు కొందరు. వాళ్లలో నాంచారి అనే ముసలమ్మ ఒకతె. ఆమెకున్నదల్లా ఒక గుడిసె, గంపెడు కోళ్లు, ఒక్కగానొక్క కొడుకు ఓబులేసు.

ఒకనాడు మన్ను తవ్వుతుంటే గడ్డపార జారి ఓబులేసు పిక్కలో దిగింది. ఆ ఊళ్లో గాయానికి పథ్యం ఒక్కటే, ఉప్పేసిన కొర్రగంజి. గుడ్డు తింటే చీము పడుతుందట. పప్పు తింటే చీము. పులుపు తింటే చీము! ఎవరు చెప్పారని అడిగినవాళ్లు లేరు. పథ్యం దగ్గర నాంచారి అందరికంటే మొండిది. రోజూ కాచిన నీళ్లతో పుండు కడిగేది, గంజి పోసేది, కొడుకు ఇంకేదైనా అడిగితే కసిరేది.

నెల తిరిగినా పుండు మానలేదు. ఓబులేసు ఎముకల గూడైపోయాడు. కాలు పోయినా సరే, బిడ్డ ప్రాణం దక్కితే చాలని నాంచారి మొక్కుకుంది.

ఒక పొద్దున ఓబులేసు గంజి ముంత పక్కకు నెట్టాడు.

“అమా, కట్టకు గండి పడితే ఏం జేస్తాం?”

“మట్టి పోస్తాం. ఎందుకురా?”

“నా కాలికీ గండి పడింది గదా. నువ్వేమో గంజినీళ్లు పోస్తా ఉండావు.”

నాంచారి బతుకంతా గండ్లు పూడ్చిన మనిషాయె! లేచి నేరుగా కోళ్ల గంప ఎత్తింది.

మొదట గుడ్డు ఉడకబెట్టి పెట్టింది.

“చీము పడతాది నాంచారక్కా!” అన్నారు ఇరుగుపొరుగు.

“గండికి మట్టి పోస్తాండా,” అంది.

తర్వాత సంగట్లోకి పప్పు వేసింది.

“చీము పడతాది నాంచారక్కా!”

“గండికి మట్టి పోస్తాండా.”

ఆపైన ఉసిరికాయ పచ్చడి నూరింది.

“చీము పడతాది నాంచారక్కా!”

“గండికి మట్టి పోస్తాండా,” అని పైకి గట్టిగానే అంది. లోపల మాత్రం ఒకటే భయం. వాళ్ల మాటే నిజమైతే? కట్టు విప్పిన ప్రతిసారీ వంగి, ముందు చీము కోసమే వెతికేది.

చీము పడలేదు. పుండు అడుగున ఎర్రటి కండ పట్టింది. అంచులు దగ్గరపడ్డాయి. ఒకనాడు కట్టు విప్పితే కొత్త చర్మం! హమ్మయ్య అంటూ నాంచారి అక్కడే కూలబడి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. ఓబులేసు మళ్లీ తట్ట ఎత్తాడు.

నాంచారి పోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు. ఆమెకు గుడి లేదు, పేరు చెక్కిన రాయీ లేదు. అయినా ఆ కట్ట కింద ఊళ్లలో ఎవరికి దెబ్బ తగిలినా, చూడబోయేవాళ్లు ఉత్త చేతుల్తో పోరు. ఉడికిన గుడ్డొకటి కొంగున ముడేసుకుని పోతారు. గడపలో నిలబడి, “నాంచారి పంపింది, తిను,” అంటారు.

తిన్నాకే, దెబ్బ ఎట్లా తగిలిందని అడుగుతారు.